నాలుగువందల పదమూడో పదార్థం

కొండవరంలో మాతృ ఆహార పర్యవేక్షణ కార్యాలయమని ఒకటుంది. జిల్లాలో గర్భిణీ స్త్రీలు ఏం తింటున్నారో కనుక్కోవడం, కనుక్కున్నది పట్టికలో వేయడం, ఆ పట్టికను రాజధానికి పంపడం దాని పని. పదకొండేళ్ళుగా ఆ పని నిరాటంకంగా సాగుతోంది. పంపిన పట్టికలు అందాయని గాని, అందలేదని గాని రాజధాని నుంచి ఇంతవరకూ ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. అందువల్ల ఆఫీసులో అందరూ సుఖంగా ఉండేవారు.

ఆ సుఖం ఒక సోమవారం పొద్దున వచ్చిన తాఖీదుతో చెడింది. “గర్భిణులు భుజించకూడని పదార్థముల జాబితాను తక్షణమే రూపొందించి, ప్రజలలో అవగాహన కల్పించి, ఆ మేరకు నివేదిక సమర్పించవలెను. అవగాహన సభకు ఈ కార్యాలయము నుండి పరిశీలకులు హాజరగుదురు” అని అందులో ఉంది. చివరి వాక్యం చదివాక సూపర్నెంటు భీమేశ్వరరావుకి చెమటలు పట్టాయి.

తాఖీదుకి నకళ్ళు తీసే పని హిమజకు పడింది. హిమజ అక్కడ జూనియర్ అసిస్టెంటు. ఉద్యోగంలో చేరి ఇరవై నెలలైంది, ఇంకో నాలుగు నెలలకు గాని ప్రొబేషన్ ఖరారు కాదు. భర్త వేరే ఊళ్ళో బ్యాంకులో పనిచేస్తూ శనివారం వచ్చి సోమవారం తెల్లవారకుండానే వెళ్ళిపోతాడు. ఆమెకిప్పుడు ఆరో నెల. పదకొండేళ్ళుగా గర్భిణుల లెక్కలు రాసే ఆ ఆఫీసులో ఒక గర్భిణి కుర్చీ వేసుకుని కూర్చోవడం ఇదే మొదటిసారి. ఆ సంగతి అంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోకపోవడమే ఆమెకు మేలు చేసింది.

ఆఫీసుకు పెద్ద పరాంకుశరావు గారు, ఉపసంచాలకులు. చాలా మంచి మనిషి. ముప్ఫయ్యొక్క ఏళ్ళ సర్వీసులో ఎవరికీ కీడు చేయలేదు, మేలు కూడా చేయలేదు. రెండింటికీ సంతకం కావాలి గనక. “సంతకం పెట్టినవాడే ఇరుక్కుంటాడు, భీమేశ్వరం” అని రోజుకొకసారైనా అనేవారు. జీతం రిజిస్టరులో కూడా ఆయన పొడి అక్షరాలే వేస్తారని వాడుక.

ఆయన ముందుగా సక్రమమైన పనే చేశారు. సర్కారు ఆసుపత్రిలో గర్భిణుల్ని చూసే డాక్టర్ పద్మజను అడిగి రాయించారు. ఆవిడ రోగుల మధ్య నిలబడే అరపేజీ రాసిచ్చింది. సారా, పొగాకు ముట్టుకోవద్దు. పచ్చిగుడ్డు, సరిగ్గా ఉడకని మాంసం, కాచని పాలు వద్దు. సొరచేప లాంటి పెద్ద సముద్రపు చేపలు వద్దు. పచ్చి బొప్పాయి వద్దు. కాఫీ రోజుకి ఒకటీ రెండుకు మించొద్దు. కూరలు, పళ్ళు బాగా కడగండి. మిగతావి శుభ్రంగా, కడుపునిండా తినండి. అంతే.

ఆ కాగితాన్ని భీమేశ్వరరావు రెండువేళ్ళతో ఎత్తిపట్టుకుని చూశాడు.

“ఇది ఫైలెలా అవుతుందండీ? చీటీ అవుతుంది.”

“పైగా ‘మిగతావి తినండి’ అంది చూశావా?” అన్నారు పరాంకుశరావు గారు. “మిగతావంటే ఏమిటి? ఎన్ని? అందులో ఒకటి తిని ఒకావిడకు ఏదో అయిందనుకో. తినమన్నదెవరు? మనం. వద్దన్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, భీమేశ్వరం. తినమన్నవాడి మెడకే చుట్టుకుంటుంది.”

ఆ మాటలో ఎంత లోకజ్ఞానం ఉందోనని భీమేశ్వరరావు కాసేపు తల ఆడించాడు. వెంటనే పరిశీలనా సంఘం ఏర్పాటైంది. అధ్యక్షులు పరాంకుశరావు గారు, సభ్యులు భీమేశ్వరరావూ, గణాంకాధికారి త్రినాథూ, మరో ఏడుగురు మగవాళ్ళు. మొదటి సమావేశంలోనే రెండు తీర్మానాలు చేశారు. హిమజ వాటిని ఇలా టైపు చేసింది.

“తీర్మానము ఒకటి. జాబితాలో ఏ పదార్థమునైనను చేర్చుటకు మౌఖిక సూచన చాలును. తీర్మానము రెండు. ఏ పదార్థమునైనను తొలగింపగోరు సభ్యుడు, సదరు పదార్థము తినుటవలన జిల్లాలోని ఏ గర్భిణికైనను, ఏ కాలముననైనను సంభవించు సమస్త పరిణామములకు తానే బాధ్యుడనని సంతకము చేయవలెను.”

ఆ తర్వాత జాబితా తోటకూరలా పెరిగింది. వాళ్ళ అత్తగారు బొప్పాయి పండు కూడా వద్దనేవారని ఒకాయన అన్నాడు. అనాసపండు అన్నాడు ఇంకొకాయన. నువ్వులు, బెల్లం, ఖర్జూరం, మునగాకు, వంకాయ, గోంగూర, పనసపండు, తాటిముంజెలు. జంట అరటిపండు తింటే కవలలు పుడతారని త్రినాథ్ చెప్పాడు. నిజమేనా అని హిమజ నోరు జారి అడిగితే, “నిజమో కాదో తేలేలోపు ఎవరైనా తినేస్తే?” అన్నాడాయన. జంట అరటిపండు చేరింది. జంటలోంచి విడదీసినా అది జంటపండే కదా అన్న అనుమానంతో మామూలు అరటిపండూ చేరింది.

సాయంత్రానికి తొంభై ఆరు పదార్థాలయ్యాయి. పది మంది మగవాళ్ళలో ఒక్కరికీ కడుపు రాలేదు, వచ్చే సూచనా లేదు. కందకు లేని దురద కత్తిపీటకు పుట్టినట్టు, ఇంటికెళ్ళి భార్యల్ని, వదినల్ని, పొరుగువాళ్ళను అడిగి మర్నాడు చేతినిండా చీటీలతో వచ్చారు.

ప్రజాభిప్రాయం కూడా కోరారు. కొండవరం జిల్లా అత్తగార్లకు అంతవరకూ ప్రభుత్వం అభిప్రాయం అడగడమన్నది తెలియదు. బస్తాల్లో వచ్చాయి ఉత్తరాలు. మెట్ట మండలాల అత్తగార్లు రాగులు వేడి చేస్తాయని రాస్తే, ఏటి పక్క అత్తగార్లు రాగులు చలవ చేస్తాయని రాశారు. వేడి చేస్తే ప్రమాదం, చలవ చేసినా ప్రమాదమే కాబట్టి రాగుల్ని రెండుచోట్లా చేర్చి, భీమేశ్వరరావు కింద వేడి ఉపసంఘమూ, త్రినాథ్ కింద చలవ ఉపసంఘమూ వేశారు.

ఇక చూడాలి పోటీ. వేడి ఉపసంఘం మామిడిపండును పట్టుకుపోతే చలవ ఉపసంఘం మజ్జిగను పట్టుకొచ్చింది. వాళ్ళు ఆవకాయ అంటే వీళ్ళు సొరకాయ అన్నారు. గుడ్డు వేడిలోకి, పాలు చలవలోకి పోయాయి. పప్పు వాయువు గనక ఎవరిదీ కాదని వదిలేయబోయారు గాని, రెండు ఉపసంఘాలూ కలిసి దాన్ని ఉమ్మడిగా నిషేధించాయి. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ సఖ్యత కుదిరిందని పరాంకుశరావు గారు మెచ్చుకున్నారు.

అన్నం దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. వేడన్నం వేడి చేస్తుందన్నాడు భీమేశ్వరరావు. చద్దన్నం చలవ చేస్తుందన్నాడు త్రినాథ్. మరి అన్నం వేడి పోయి, ఇంకా చల్లారకుండా ఉండే సమయం ఎంత? నీటిపారుదల శాఖ నుంచి ఒక ఇంజినీరును పిలిపించి, గిన్నెడు అన్నంలో థర్మామీటరు గుచ్చి, మధ్యాహ్నమంతా చుట్టూ నిలబడి చూశారు. ఆ వ్యవధి పదకొండు నిమిషాలని తేలింది. అయితే అన్నం మధ్యలో ఒక లెక్కా, అంచున ఒక లెక్కా వచ్చింది. అందువల్ల గోరువెచ్చని అన్నాన్ని ‘సందేహాస్పద పదార్థము’గా నిర్ణయించి, సందేహం తీరేవరకూ నిషేధించారు.

ఇదంతా టైపు చేస్తూ హిమజ మొదట్లో నవ్వుకుంది. రెండు వందలు దాటాక నవ్వు ఆగింది. చదువుకున్న పిల్లే, డాక్టర్ రాసిన అరపేజీ కూడా తనే టైపు చేసింది. అయినా పగలంతా ‘వంకాయ, శిశువునకు హాని’, ‘శనగలు, శిశువునకు హాని’ అని కొట్టిన వేళ్ళతో సాయంత్రం ఇంటికెళ్ళి వంకాయ తరగబోతే చెయ్యి ఆడలేదు. ఇదంతా ఉత్తదే అని తెలుసు. కాని ఒకవేళ నిజమైతే? ఆ ఒకవేళ కడుపులో ఉన్న బిడ్డ మీద కదా. కత్తిపీట మడిచి, మంచినీళ్ళు తాగి పడుకుంది. తర్వాత తర్వాత మునక్కాయా, పప్పూ, పెరుగూ ఒక్కొక్కటే ఆమె కంచంలోంచి తప్పుకున్నాయి.

ఆమె భయం ఆమె ఇంట్లోనే ఉండిపోయేదేమో గాని, నాలుగో సమావేశంలో త్రినాథ్ ఒక గొప్ప మాటన్నాడు. “అమలు లేని జాబితా అలంకారం మాత్రమే, సార్. మన కార్యాలయంలోనే ఒక గర్భిణి ఉండగా మనం జిల్లాకు చెప్పడమేమిటి? ముందు ఇంట గెలిచి రచ్చ గెలవాలి.”

పది జతల కళ్ళు టైపు మిషను వైపు తిరిగాయి. ఆ రోజు నుంచి హిమజ ‘ఆదర్శ గర్భిణి’ అయింది. మధ్యాహ్నం ఒంటి గంటకు ఆమె క్యారేజీని సంఘం ముందు తెరవాలి. పొద్దున్న పది గంటలకు, నిన్న సాయంత్రం నుంచి ఇప్పటివరకూ జాబితాలోని ఏ పదార్థమూ తినలేదని సంతకం చేసి ఇవ్వాలి. ప్రొబేషన్ ఖరారు ఫైలు పరాంకుశరావు గారి బల్ల మీదే ఉంది గనక వీల్లేదనే ధైర్యం ఆమెకు లేదు. తిని తినలేదని రాయడమూ ఆమె వల్ల కాలేదు. వాళ్ళ నాన్న పల్లెటూరి పోస్టుమాస్టరు. అబద్ధం నోటితో ఆడితే గాలికి పోతుందిరా, కాగితం మీద పెడితే ఉండిపోతుంది అనేవాడు.

ఒక శుక్రవారం అత్తగారు పార్సిల్ పంపారు. డబ్బా నిండా సున్నుండలు. సంఘం ముందు మూత తీసేసరికి నేతి వాసన గదంతా నిండింది. భీమేశ్వరరావు జాబితా తిరగేసి, “మినుములు ఎనభై ఎనిమిది, బెల్లం నాలుగు, నెయ్యి నూట ముప్ఫయ్యారు. మూడు ఉల్లంఘనలు ఒకే ఉండలో!” అన్నాడు. ఆ గొంతులో బాధ లేదని ఎవరూ అనలేరు.

“వీటిని ఏం చేయాలి?” అన్నారు అధ్యక్షులు.

“స్వాధీనపరచుకున్న పదార్థాన్ని గర్భిణులకు అందుబాటులో లేకుండా చేయాలండి. పారేస్తే ఎవరైనా గర్భిణి చూసి తీసుకోవచ్చు,” అన్నాడు భీమేశ్వరరావు.

అందుచేత సంఘం వారే ఆ బాధ్యత తీసుకున్నారు. ఒక్కొక్కరూ రెండేసి చొప్పున, విధినిర్వహణలో వెనుకంజ వేయకుండా, వాటిని అందుబాటులో లేకుండా చేశారు. త్రినాథ్ మూడోది కూడా చేశాడు. హిమజ ఖాళీ డబ్బా తీసుకుని కుర్చీలో కూర్చుని, అడుగున అంటుకున్న పొడిని చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కోపమో ఆకలో ఆమెకే తెలియలేదు.

అప్పటికి ఆమె తినగలిగింది సగ్గుబియ్యం జావ ఒక్కటే. మర్నాటి సమావేశంలో చలవ ఉపసంఘం దాన్నీ పట్టుకుంది, మూడు వందల నలభై రెండో పదార్థంగా. అక్కణ్ణుంచి ఇంకా జాబితాకెక్కని దేన్నో వెతుక్కుని ఆమె రెండు ముద్దలు తినడం, మర్నాడు అదీ జాబితాకెక్కడం.

ఆ వారం పరీక్షకు వెళితే డాక్టర్ పద్మజ తూకం ముల్లు చూసి, కార్డు చూసి, మళ్ళీ ముల్లు చూసింది.

“కిందటి నెల యాభై నాలుగు కిలోలు. ఇప్పుడు యాభై రెండున్నర. పెరగాల్సిన నెలలో తగ్గావేంటమ్మా? బిడ్డ ఎదుగుదల కూడా అంతంతమాత్రంగా ఉంది. ఏం తింటున్నావు?”

హిమజ చెప్పింది. డాక్టరుకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని, “చూడమ్మా, ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. నువ్వు తినడం వల్ల నీ బిడ్డకు వచ్చే ప్రమాదమేదీ నాకు కనపడటం లేదు. తినకపోవడం వల్ల వచ్చేది కళ్ళముందే కనపడుతోంది. పది రోజుల్లో మళ్ళీ రా. అప్పటికీ ఇలాగే ఉంటే నిన్ను ఆసుపత్రిలో పెట్టేసుకుంటాను” అంది.

ఆ సాయంత్రమే ఆవిడ కార్యాలయానికి ఘాటుగా ఉత్తరం రాసింది. ఈ జాబితాలో నేను రాసిచ్చినవి తప్ప మిగతావన్నీ తీసేయండి, కావాలంటే బాధ్యత నాదని సంతకం పెడతాను అని. పరాంకుశరావు గారు ఉత్తరం రెండుసార్లు చదివారు. సంతకం పెడతానని ఒక మనిషి తనంతట తాను అనడం ఆయన సర్వీసులో మొదటిసారి.

“పెట్టమందామా?” అన్నారు ఆశగా.

“కుదరదండి,” అన్నాడు భీమేశ్వరరావు. “తీర్మానం రెండులో ‘సభ్యుడు’ అని ఉంది. ఆవిడ సభ్యురాలు కాదు.”

“సభ్యురాలిగా చేర్చుకుంటే?”

“చేర్చుకుంటూ సంతకం పెట్టాలి కదండీ, తమరు.”

ఉత్తరం ఫైల్లో ‘పరిశీలించబడినది’ అనే ముద్రతో పడుకుంది. జాబితా నాలుగు వందల పన్నెండుకు చేరింది. ఎదురుగా ‘తినదగినవి’ అని ఒక గడి ఉండేది. అందులో ఏమీ మిగల్లేదు. గడి తీసేద్దామంటే తీసేయడానికి సంతకం కావాలి గనక ఖాళీ గడినే అచ్చుకు పంపారు. అవగాహన సభ వచ్చే గురువారం.

మంగళవారం మధ్యాహ్నం హిమజ బల్ల మీద తల వాల్చి పడుకుని ఉంటే అటెండరు నూకాలమ్మ వచ్చి గ్లాసుతో నీళ్ళు పెట్టింది. నలుగురు పిల్లల్ని కన్న మనిషి. నలుగురికీ కాన్పు రోజు దాకా నాట్లకు పోయింది.

“ఏటమ్మా, మొకమలా పీక్కుపోనాది? ఏటీ తినలేదేటి?”

“ఏముంది నూకాలమ్మా తినడానికి. అన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి.”

“ఓలమ్మ, ఎంత పెద్ద కాయితమో! వొద్దన్నవన్నీ రాసినారు. కడుపుతో ఉన్న మనిసి కాళీ కడుపుతో ఉండకూడదని రాసినారా లేదా? మాయమ్మ మాకు సెప్పింది అదొక్కటే. అది లేదేటి ఇందల?”

హిమజ తలెత్తింది. లేదు. నాలుగు వందల పన్నెండింటిలో అదొక్కటి లేదు. చేర్చడానికి నోటిమాట చాలు. ఒకసారి చేరిందంటే తీసే మగాడు ఈ ఆఫీసులో లేడు. ఆమెకు ఒళ్ళంతా ఒక్కసారి వేడెక్కింది, ఏ ఉపసంఘమూ అక్కర్లేకుండానే.

“నూకాలమ్మా, ఆ మాటే ఉత్తరంగా చెప్పు. నేను రాస్తాను. ప్రజాభిప్రాయం కింద ఇద్దాం.”

“నాకు రాతలేటి తెల్సమ్మా?”

“వేలిముద్ర వెయ్యి చాలు.”

బుధవారం ఆఖరి సమావేశంలో ఆ ఉత్తరం చదివారు. ‘ఖాళీ కడుపు’ పదార్థమవుతుందా కాదా అని ఒకాయన సందేహం వెలిబుచ్చాడు. హిమజ రాస్తున్న కలం ఆపింది. ఇది పోతే ఇంకో దారి లేదు. కాని ఉపసంఘాలు ఉన్నది దేనికి?

“ఖాళీ కడుపు వేడి చేస్తుంది,” అన్నాడు భీమేశ్వరరావు వెంటనే. “ఆకలేస్తే కడుపు మండుతుందని లోకమే అంటుంది.”

“చలవ చేస్తుంది,” అన్నాడు త్రినాథ్ అంతకంటే వెంటనే. “ఆకలేస్తే కాళ్ళూ చేతులూ చల్లబడతాయి.”

అరగంట వాదించుకున్నాక, అది వేడీ చలవా రెండూ చేసే అత్యంత ప్రమాదకర పదార్థమని తేల్చి, నాలుగువందల పదమూడుగా చేర్చారు. ఇంత ముఖ్యమైనది ఇన్నాళ్ళు ఎలా తప్పిపోయిందని పరాంకుశరావు గారు మందలించారు కూడా.

గురువారం కళ్యాణమండపంలో సభ. పన్నెండు మండలాల నుంచి అరవై మంది గర్భిణుల్ని పొద్దున్నే బస్సుల్లో ఎక్కించి తీసుకొచ్చారు. రాజధాని నుంచి పరిశీలకురాలు సువర్చల గారు వచ్చారు. సన్నగా, చేతిలో నోటుపుస్తకంతో ఉన్నారు, ఎవరేం చెప్పినా రాసుకుంటున్నారు తప్ప నవ్వడం లేదు. ఆవిడ రాసుకున్న ప్రతిసారీ పరాంకుశరావు గారు కండువా సర్దుకున్నారు.

త్రినాథ్ ఆలోచనతో ‘నిషిద్ధ ఆహార ప్రదర్శన’ ఏర్పాటు చేశారు. చూడకపోతే ఏది వద్దో ఆడవాళ్ళకు ఎలా తెలుస్తుందని ఆయన వాదన. పొదుపు సంఘాల ఆడవాళ్ళచేత అరవై నాలుగు రకాలు వండించి, బల్లల మీద వరసగా పెట్టి, ఒక్కొక్కదాని ముందు జాబితాలోని నెంబరు అట్టముక్క మీద రాసి నిలబెట్టారు. ప్రదర్శన అయ్యాక పదార్థాలను అందుబాటులో లేకుండా చేసే బాధ్యత సిబ్బందిదే గనక గిన్నెలు కాస్త పెద్దవే పెట్టించారు. సిబ్బంది ఇళ్ళ నుంచి క్యారేజీలు కూడా తెచ్చుకున్నారు.

అరవై మందినీ ఆ బల్లల పక్కనుంచి నడిపించారు. గుత్తివంకాయ మీద నూనె తేలి మిలమిలలాడుతోంది. పులిహోరలో పోపు ఇంకా చిటపటలాడుతూనే ఉంది. పనసపొట్టు కూర, చేపల పులుసు, పప్పుచారు, గుమ్మడికాయ దప్పళం, బొబ్బట్లు, గడ్డపెరుగు.

“ఇవి ఎవరికండీ?” అంది ఎనిమిదో నెల మనిషి ఒకామె.

“చూడ్డానికమ్మా. చూసి మానేయడానికి,” అన్నాడు భీమేశ్వరరావు ఆప్యాయంగా.

తర్వాత అందర్నీ పంక్తిలో కూర్చోబెట్టి విస్తళ్ళు వేశారు. సభ ఏర్పాట్ల పట్టికలో విస్తళ్ళు ఉన్నాయి గనక వేశారు. వడ్డించడానికి ‘తినదగినవి’ గడిలో ఏమీ లేదు గనక ఏమీ వడ్డించలేదు. మైకు హిమజకు ఇచ్చి జాబితా చదవమన్నారు.

గంటా పది నిమిషాలు పట్టింది. ఆకలితో నకనకలాడే అరవై మందికి నాలుగు వందల వంటకాల పేర్లు వినిపించడం ఎంత క్రూరమో చదువుతున్నకొద్దీ ఆమెకు తెలిసింది, తన నోరూ ఊరుతోంది గనక. నూట డెబ్బై రెండు, గుత్తివంకాయ అన్నప్పుడు ముందు వరసలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. రెండు వందల ఎనిమిది, పనసపొట్టు కూర అన్నప్పుడు వెనక నుంచి, “అక్కా, ఆ నెంబరు మళ్ళీ సెప్పవా?” అని వినిపించింది. మూడు వందలు దాటాక గొంతు ఆరిపోయి, బల్ల పట్టుకుని నిలబడింది. ఇంకొంచెం, ఇంకొంచెం అని బిడ్డకు చెప్పుకుంటూ చదివింది.

“నాలుగువందల పదమూడు. ఖాళీ కడుపు. గర్భిణి ఏ పరిస్థితిలోనూ ఖాళీ కడుపుతో ఉండరాదు. వేడి చేయును, చలవ చేయును, శిశువునకు హాని.”

సువర్చల గారు రాయడం ఆపి మొదటిసారి తలెత్తారు.

“ఇక్కడ ఖాళీ కడుపుతో ఎంతమంది ఉన్నారు?”

అరవై చేతులు లేచాయి. మైకు దగ్గర హిమజది అరవయ్యొకటోది.

“పరాంకుశరావు గారూ, మీ జాబితా మీ ఎదురుగానే ఉల్లంఘన అవుతోందే!” అని ఆవిడ మళ్ళీ నోటుపుస్తకం తెరిచారు.

పరాంకుశరావు గారు జాబితా తిరగేశారు. ఏదైనా పెట్టమంటే నాలుగు వందల పన్నెండులో ఒకటి తప్పుతుంది. పెట్టకపోతే పదమూడు తప్పుతుంది. పదమూడును తీసేయాలంటే సంతకం పెట్టాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన భీమేశ్వరరావు వైపు చూస్తే భీమేశ్వరరావు త్రినాథ్ వైపు చూశాడు, త్రినాథ్ తన చేతిలో క్యారేజీ వైపు చూశాడు.

హిమజ మైకు పక్కకు జరిపి, ఆయన దగ్గరకు వెళ్ళి, సభకు వినపడకుండా అంది.

“సార్, వీళ్ళు తింటే అది తిన్నవాళ్ళ ఉల్లంఘన. తినకుండా ఇలాగే కూర్చుంటే అది కూర్చోబెట్టినవాళ్ళది.”

ఆయన కళ్ళు నెమ్మదిగా విచ్చుకున్నాయి. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఇంత స్వచ్ఛమైన మాట ఎవరూ ఆయనకు చెప్పలేదు.

“సంతకం అక్కర్లేదుగా?”

“అక్కర్లేదు సార్.”

“అయితే వడ్డించండి!” అని ఆయన అరిచిన అరుపుకు మైకు కూడా అవసరం లేకపోయింది.

నూకాలమ్మ అందరికంటే ముందు గిన్నె ఎత్తింది. పొదుపు సంఘం ఆడవాళ్ళు వెనక పొయ్యిల మీంచి అన్నం గుండిగలు దించి గరిటెలు పట్టుకున్నారు. ఎవరికేం కావాలో అడిగే పనే లేకపోయింది, గంటా పది నిమిషాలు విన్నారు కదా. “నాకు రెండొందల ఎనిమిది!” “ఇక్కడ నలభై మూడు రాలేదు!” “వదినా, అరవయ్యొకటి మీద కాస్త నూట ముప్ఫయ్యారు పొయ్యి!” అని పంక్తి అంతా కేకలు. సిబ్బంది ఖాళీ క్యారేజీలతో గోడ పక్కన నిలబడి చూశారు. జాబితా ప్రజలకు ఇంత కంఠతా వచ్చిన జిల్లా ఇంకొకటి లేదని పరాంకుశరావు గారు సువర్చల గారికి చెబుతున్నారు. ఆవిడ అదీ రాసుకుంటున్నారు.

హిమజ పంక్తి చివర కూర్చుంది. మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఒకవేళ, అని ఎక్కడో పాత భయం అడగబోయింది. వంకాయ నాలుక మీద వెన్నలా కరిగిపోయాక మళ్ళీ అడగలేదు. వేడన్నం, వేడి వేడన్నం. ఐదు వారాల తర్వాత కడుపుకు అన్నం తగిలి ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తింది.

భీమేశ్వరరావు వచ్చి ఆమె విస్తరి ముందు వంగాడు. “తింటే తిన్నావు గానమ్మా, రేపు పొద్దున పది గంటలకు ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. జాబితాలో ఉన్నవి తినలేదని ఎలా రాస్తావు?”

“రాయనండీ,” అంది హిమజ నోటినిండా అన్నంతో. “నాలుగువందల పదమూడు తప్ప అన్నీ తిన్నానని రాస్తాను. పూర్తి సంతకం పెట్టి ఇస్తాను, పొడి అక్షరాలు కాదు.”

ఆమె ఆయన పక్కనుంచి తల వంచి చూసి, గిన్నెతో వెళ్ళిపోతున్న మనిషిని కేకేసింది.

“నూకాలమ్మా, ఇటు! నూట డెబ్బై రెండు ఇంకో రెండు కాయలు వెయ్యి.”